తొమ్మిదో దెబ్బ

ముందు పోయినవి చెబుతాను. పదహారు సౌండు బాక్సులు. వాటిలో ఎనిమిది నేనే ప్లైవుడ్డు కోయించి, లోపల ఎంత ఖాళీ వదలాలో అంగుళాల్లో లెక్కకట్టి బిగించినవి. నాలుగు ఆంప్లిఫయర్లు. ఒక మిక్సరు. ఒక జెనరేటరు. ఒక లాప్‌టాప్, పాటను ఆపే పొడుగు మీట అరిగి నున్నగా అయినది. మా బావ నడిపిన డీసీఎం బండి. కంప్యూటర్‌లో నేను బీటు వేసి కట్టుకున్న మూడు వందల పైచిలుకు పాటలు, వాన నీళ్లు దుకాణంలోకి వచ్చినప్పుడు హార్డ్ డిస్కుతో పాటు పోయాయి. మా బావ నడుము. నా ఎడమ చెవికి వినబడే సన్నని చప్పుళ్లు. దోమ ఆ వైపు నుంచి వస్తే నాకు తెలియదు, కుట్టాకే తెలుస్తుంది. చివరగా, పెళ్లి ఊరేగింపు ముందు బాక్సులు పెట్టుకుని పోయే రోజులు.

బాక్సులను చెవితో కూడితే ఏం మొత్తం వస్తుంది? అది కూడికకు లొంగే లెక్క కాదని తెలిసినా చాలాసార్లు కూడి చూసుకున్నాను. కూడిన ప్రతిసారీ బాధ కంటే ముందు ఆశ్చర్యమే వస్తుంది, ఇన్ని నా చేతిలో ఉండేవా అని.

జనగామలో మాది మైకుసెట్ల దుకాణం. మా నాన్న కాలంలో రెండు భోంగాలు, అంటే గరాటు మైకులు, ఒక గ్రామఫోను. నా చేతికి వచ్చేసరికి క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవి కుదురుకునేలోపు డీజే వచ్చింది. పట్నంలో డీజే అంటే పాటలు కలిపే మనిషట. మా దగ్గర మాత్రం బాక్సులు, లైట్లు, జెనరేటరు, వాటిని మోసే బండి, అన్నీ కలిపి డీజే. పెళ్లివారు 'డీజే వచ్చిందా' అని అడిగేవారే గాని 'డీజే వచ్చాడా' అని ఒక్కరూ అడగలేదు. నేను ఆ సామానులో ఒక భాగం. అందుకు నాకు ఎప్పుడూ చిన్నతనం అనిపించలేదు.

కంప్యూటర్‌లో పుట్టిన ఆ దెబ్బ మొదటిసారి మా బాక్సుల్లోంచి బయటికి వచ్చినప్పుడు దుకాణం రేకులు మోగాయి. మేము బీటును దెబ్బ అనే అనేవాళ్లం, డప్పు వాళ్ల మాట అది. ఊరి డప్పుకు తీన్మార్‌లో ఏ లెక్క ఉందో దీనికీ అదే లెక్క, కాకపోతే ఇది చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. పెళ్లిళ్లలో కానుకగా పెట్టిన స్టీలు బిందెలు బండ మీద తమంతట తామే జరిగేవి. అత్తగారి వైపు బిందె పుట్టింటి వైపు బిందె దగ్గరికి జరిగితే ముసలమ్మలు నవ్వి శుభం అనేవారు.

రెండు పాటలను తెగకుండా కలపాలంటే రెండూ ఒకే వేగంలో నడవాలి. పదో తరగతితో చదువు ఆపిన నాకు ఆ లెక్క మా అమ్మ దగ్గరే దొరికింది. నాట్లకు పోయినప్పుడు ఆమె నారుకట్టలను వేలి కణుపుల మీద లెక్కపెట్టేది. బొటనవేలు తిరుగుతూ ఉంటుంది, మిగతా నాలుగు వేళ్లకు మూడేసి కణుపులు, ఒక చుట్టుకు పన్నెండు. నేను చేతి గడియారం చూస్తూ పదిహేను సెకన్లలో దెబ్బకో కణుపు చొప్పున బొటనవేలు ఎన్ని చుట్లు తిరిగిందో చూసి, నాలుగుతో హెచ్చవేసేవాణ్ణి. రెండు చుట్లయితే ఇరవై నాలుగు, నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు. బస్సులో పక్కవాడు దగ్గినా నా బొటనవేలు కదిలేది.

ఇంకో విద్య చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. మా వాళ్లు దాన్ని 'ఆపుడు ఇడుసుడు' అనేవారు. పాట జోరుగా నడుస్తుండగా దెబ్బను ఒక్కసారిగా ఆపేయాలి. చిందేసి ఎగురుతున్న జనం చేతులు పైకెత్తి ఉన్నచోటనే ఆగిపోతారు. మనసులో ఎనిమిది దెబ్బలు లెక్కపెట్టాలి. ఆ మౌనంలో ఒక సైరన్ కూత వేయాలి, కూత పెరిగే కొద్దీ జనంలో కేక పెరుగుతుంది. తొమ్మిదో దెబ్బకు వదలాలి. ఏడుకే వదిలితే జనం ఇంకా ఆగి ఉండరు. పదకొండు దాకా లాగితే ఎత్తిన చేతులు నొప్పి పుట్టి దిగిపోతాయి. తొమ్మిదికి వదిలితే అంతమంది ఒకేసారి నేల మీదికి వచ్చే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు బాక్సుల్లోంచి వచ్చేది కాదు, మేము వాయించేది కాదు. దానికోసమే నేను ఆ పని చేశాననుకుంటాను.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో చెప్పి, మళ్లీ ఆపేసిన తరవాతి రోజులవి. ఒక రోజు బందు, ఒక రోజు రాస్తారోకో. దీక్షా శిబిరాల్లో డప్పు లేనిచోట మా బాక్సులే మోగేవి. భూపాలపల్లి బొగ్గుబాయి దగ్గర కాంట్రాక్టు కూలీగా చేసే ఒక లంబాడీ యువకుడు ఆ ఎండాకాలంలో మా దుకాణానికి వచ్చాడు. వాళ్ల తండా పెద్దవంగర అవతల. అప్పటికి పెద్దవంగర మండలం కాలేదు, కొడకండ్ల కిందే ఉండేది. అంతా ఒకటే వరంగల్ జిల్లా. చెల్లెలి పెళ్లికి డీజే కావాలన్నాడు. ముందు రోజు రాత్రికే వచ్చేయమని అడిగితే వేరే పెళ్లి ఒప్పుకున్నామని చెప్పాను. పెళ్లిరోజు పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరతామన్నాను. నమ్మకం చాలక ఆ పొద్దున తానే జనగామకు వచ్చి మా బండెక్కాడు.

దారిలో అతను చెప్పిన మాట ఒకటి నాకు అలాగే గుర్తుంది.

"మా చెల్లె ఏం అడుగలేదన్నా. సొమ్ములు అడుగలే, చీరె అడుగలే. డీజే వెట్టియ్యి, పోయేముందు ఒక్కసారి ఎగురుత అన్నది."

మిరపతోటల్లో కూలికి పోయినప్పుడు వేరే ఊళ్ల పెళ్లిళ్ల డీజే చేను గట్టు మీద నిలబడి వినేదట. వాళ్ల తండాకు అప్పటిదాకా డీజే రాలేదు. ఆమెను ఇచ్చే ఊరు గార్ల అవతల ఇంకో తండా. పొద్దు గూకక ముందే సాగనంపాలి. ఆలోపు మేము చేరకపోతే ఆమె అడిగిన ఒక్కటీ లేకుండానే వెళ్లిపోతుంది.

కొడకండ్ల చౌరస్తాలో రాస్తారోకోకు బండి ఆగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి పప్పు ఉడికిస్తున్నారు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టు తిరుగుతున్నారు. మా ముందు లారీలు, ట్రాక్టర్లు, ఒక గొర్రెల బండి. సాయంత్రం దాకా తీయరని చెప్పారు.

మా బావకు ఓపిక తక్కువ. పోయి అడుగు, పెళ్లి బండి వదలండని చెప్పు అని ఆ పెళ్లికూతురి అన్నను తోశాడు. అతను కదలలేదు. తల వంచుకుని చెప్పాడు.

"ఎట్ల అడుగుతనన్నా. మొన్న భూపాలపల్లిల బొగ్గు లారీలను ఆపినోళ్లల్ల నేనే ముందున్న. ఒక డ్రైవరు, బిడ్డ పెండ్లున్నదని దండం వెట్టిండు. ఇడువలే."

మా బావ అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"అయితె కూసో. ఆ డ్రైవరు మొకం మంచిగ యాదికొచ్చేదాక కూసో."

అతను నిజంగానే టైరు పక్కన కూర్చున్నాడు. అడిగి ఉంటే వాళ్లు వదిలేవారేమో. అతను అడగకపోవడం నాకు అప్పుడు మొండితనంగా కనిపించింది. ఇప్పుడు ఆ మనిషి మీద గౌరవం.

ఇంతలో జనం బండి చుట్టూ చేరారు. పిలవకుండానే డీజే వచ్చి చిక్కిందని వాళ్ల సంతోషం. శిబిరం నడిపే పెద్దమనిషి, ఒక బడిపంతులు, మర్యాదగానే అడిగాడు, నాలుగు పాటలు వేయమని. కాదనడానికి నాకు నోరు లేదు, మనసూ లేదు. లెక్క మాత్రం ఉంది. జెనరేటర్ ట్యాంకులో ఇరవై లీటర్ల డీజిల్. బాక్సులన్నీ మోగిస్తే గంటకు నాలుగు తాగుతుంది, అంటే ఐదు గంటలు. తండాలో మూడు గంటలు కావాలి. కాబట్టి ఇక్కడ రెండు గంటలు ఇవ్వగలను. బందు కాబట్టి బంకులన్నీ మూసి ఉన్నాయి. రెండు గంటలు దాటితే ఇక్కడ వేసే ప్రతి పాటా ఆ పిల్ల పాటల్లోంచి తీసిందే.

మా బావ చీపురుపుల్ల ఒకటి ట్యాంకులో ముంచి తడి చూపించాడు. ఎక్కడిదాకా దిగితే ఆపాలో అక్కడ పుల్ల మీద గోరుతో గీత పెట్టి, ఆ అన్న చేతికి ఇచ్చాడు. ఇక అదే అతని పని. పాటకొకసారి ముంచి చూసేవాడు. కళ్లు పుల్ల మీద, కాలు మాత్రం దెబ్బకు ఆడుతూ ఉండేది.

ఎండలో ఎగిరారు జనం. శిబిరానికి వచ్చిన ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, చిక్కుకున్న లారీల డ్రైవర్లు, ఆఖరికి గొర్రెల బండివాడు. నేను ఉద్యమ పాటల కింద తీన్మార్ దెబ్బ వేసి ఒకదానిలోంచి ఒకటి లాగుతూ పోయాను.

గాజులమ్ముకునే ఒక అవ్వ గంప దించి బాక్సుల ముందు నిలబడింది. అరవై దాటి ఉంటాయి. బాక్సు ముందరి జాలీ మీద చెయ్యి పెట్టి చూసింది, అదురు తగిలి తీసింది, మళ్లీ పెట్టింది. లోపల మనిషి పాడతాడా, మిషను పాడుతుందా అని అడిగింది. రెండూ అన్నాను. అయితే తాను పాడతాననీ, నా మిషను తన వెనకాల రావాలనీ చెప్పింది. తాను మిషను వెనక పోదట.

మైకు ఇచ్చాను. నాటుపాట ఎత్తుకుంది. బురద గురించి, పైన ఆగిన మబ్బు గురించి, గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ పటేలు గురించి. నా బొటనవేలు కణుపుల మీద తిరిగింది. రెండు చుట్లు, తొంభై ఆరు. బీటు తొంభై ఆరుకు దింపి కింద వేశాను. కుదిరిందనుకున్నాను. రెండో చరణానికే ఆమె ముందుకు పోయింది. నాటువేస్తూ గట్టు దగ్గరపడే కొద్దీ పాట వేగం పెరుగుతుందట, మా అమ్మ పాట కూడా అలాగే ఉండేది. కంప్యూటర్‌కు గట్టు సంగతి తెలియదు. ఒక చేత్తో కణుపులు, ఇంకో చేత్తో వేగం పెంచే మీట, అవ్వ వెనక పరిగెత్తాను. అన్ని పెళ్లిళ్లు చేశాను గాని, నా దెబ్బ ఒక మనిషి గొంతు వెనక కూలి మనిషిలా వంగి నడిచింది ఆ రోజే.

ఆపుడు ఇడుసుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి దెబ్బ ఆపగానే పాట ఆపి, గాజుల చేతులు రెండూ పైకెత్తింది. ఆమెను చూసి అందరూ ఎత్తారు. ఎనిమిది. వదిలాను. సరిగ్గా తొమ్మిదికి ఆమె గొంతు, నా దెబ్బ, జనం పాదాలు ఒకటే అయ్యాయి. రెండోసారి, మూడోసారి అలాగే.

మధ్యలో ఆమె మా బావను అడిగింది, పుల్ల పట్టుకున్న ఆ పిలగాడు మొకం మాడ్చుకున్నడేంది అని. మా బావ చెల్లెలి సంగతంతా చెప్పాడు. అవ్వ నేరుగా పంతులు దగ్గరికి పోయింది. ఒక్క బండిని వదిలితే అందరూ అడుగుతారని ఆయన బాధ. కాసేపు వాదించుకుని ఒక మాట మీదికి వచ్చారు. అంబులెన్సు వస్తే ఎలాగూ దారి ఇస్తారు, దాని వెనకే మేము పోవాలి. దారి తెరిచి ఉండేది ఒక్క నిమిషం. ఆగితే మళ్లీ సాయంత్రమే. ఆ మాట తెచ్చి మాకు చెప్పి, అప్పటిదాకా ఊరికే ఉండడం ఎందుకని అవ్వ మళ్లీ మైకు అందుకుంది.

పాట నడుస్తుండగా ఆ అన్న నా ముందుకు వచ్చి పుల్ల చూపించాడు. తడి గోటిగీత దగ్గరికి దిగింది. ఈ పాటతో ఆపేస్తానని తల ఊపి, చివరిసారిగా దెబ్బ ఆపాను. అవ్వ చేతులు లేచాయి. చౌరస్తా అంతా చేతులు లేచాయి. ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతున్నాను. ఐదు దగ్గర సైరన్ వినిపించింది.

నేను వేయలేదు. నా చెయ్యి మీట మీదికే పోలేదు. పాలకుర్తి వైపు నుంచి అంబులెన్సు వస్తోంది, ఎవరినో తెచ్చుకోవడానికి మేం పోయే దారినే పోతోంది. నేను తొమ్మిదికి వదిలితే ఆ కూత బాక్సుల చప్పుడులో మునిగిపోతుంది. వదలలేదు. జనం మాత్రం ఆ సైరన్ నా బాక్సుల్లోంచి వస్తోందనుకున్నారు. కూత దగ్గరయ్యే కొద్దీ కేకలు పెరిగాయి, ఈలలు వేశారు, చేతులు ఇంకా పైకి లేపారు. రోడ్డు మీంచి ఒక్కరూ కదలలేదు. అంబులెన్సు గొర్రెల బండి వెనకాల వచ్చి ఆగింది.

మైకు తీసుకున్నాను. మైకులో నేను ఎప్పుడూ మా మాట మాట్లాడేవాణ్ణి కాదు. సినిమాల్లో మా మాట ఉన్నది నవ్వించడానికే. అందుకని రేడియోలో వినే తెలుగు నేర్చుకుని పెట్టుకున్నాను. ఆ తెలుగులోనే చెప్పాను, అంబులెన్సుకు దయచేసి దారి ఇవ్వవలసిందిగా కోరుతున్నామని. జనం ఇంకా గట్టిగా అరిచారు. దెబ్బ వదిలే ముందు మేము అలాంటి గొంతులు రికార్డు చేసినవి వేస్తుంటాం. ఇదీ అలాంటిదే అనుకున్నారు.

అప్పుడు నోట్లోంచి వచ్చింది ఇంట్లో మాట్లాడే మాటే.

"ఓ అక్కలు, అన్నలు, ఇది నా సైరన్ గాదు. నిజం బండి వత్తాంది. జర జరుగుండ్రి."

చేతులు దిగాయి. పొయ్యి మీది పప్పు గిన్నెతో సహా పక్కకు జరిగారు. రోడ్డు రెండుగా విచ్చుకుంది. అంబులెన్సు పోయింది. పంతులు మా బండి మీద చేత్తో రెండుసార్లు కొట్టి పొమ్మన్నాడు. మా బావ అప్పటికే ఇంజను స్టార్టు చేసి ఉన్నాడు, గొర్రెల బండి పక్కనుంచి ముందుకు తీశాడు. ఆ అన్న పుల్లతో సహా ఎక్కాడు.

అవ్వ మాత్రం బండి పక్కనే నడుస్తోంది. చేతులు ఇంకా దించలేదు.

"ఆపినవు. ఇడువవా?"

"మళ్లొచ్చి ఇడుస్తనవ్వా."

"ఎన్నడు?"

ఆ తొందరలో నోటికి వచ్చింది చెప్పాను. "తెలంగాణ వచ్చినంక."

ఆమె నవ్వింది. "ఢిల్లోళ్లు గూడ గట్లనే ఆపిపెట్టిండ్రు. నువ్వు ఆళ్ల తీర్గనే జేస్తివి."

అద్దంలో చూశాను. చేతులెత్తుకునే నిలబడి ఉంది. చుట్టూ ఇంకొందరు ఆమెను చూసి మళ్లీ ఎత్తారు, సరదాకే.

తండా చేరేసరికి పొద్దు బాగా వాలింది. డీజే రాదని అందరూ ఖాయం చేసుకున్నారు. ఢావ్లో మొదలైంది. అది వాళ్ల ఆడపిల్ల పుట్టిల్లు విడిచేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట. మా బావ జెనరేటర్ తాడు లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మాటలు నాకు అర్థం కాలేదు. పాట అర్థమైంది. తల్లి భుజం మీంచి ఆ పిల్ల మా బండిని చూసింది. చూసినా పాట ఆపలేదు. తల్లి, తండ్రి, మేనత్త, పక్కింటివాళ్లు. ఎవరినీ వదలలేదు, ఎవరి దగ్గరా తొందరపడలేదు. ఆఖరికి అన్న దగ్గరికి వచ్చింది. అతను పుల్లను చేతిలోనే పట్టుకుని ఆమెను కావలించుకున్నాడు.

పాట అయిపోయాక అన్న తువ్వాలతోనే మొహం తుడుచుకుంది. ఏదో అన్నది. అతను నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"ఏడ్సుడు అయిపోయిందంట. ఇగ ఎగురుతదంట."

జెనరేటర్ లేచింది. లాప్‌టాప్ మూత తెరిచి మీట నొక్కాను. మిషను ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలవుతుంది, ఆ సంగతి ఆ గాబరాలో మరిచిపోయాను. కొడకండ్లలో ఆగిన దెబ్బ ఆ తండాలో పడింది. అవ్వ గొంతు లేదు, దాని కింద నేను వేసిన వేగం మాత్రం ఉంది, గట్టు దగ్గరికి వచ్చిన నాటు వేగం. ఆ పిల్ల ఎగిరింది. చేను గట్టు మీద నిలబడి ఎన్నాళ్లు నేర్చుకుందో గాని ఒక్క అడుగు తప్పలేదు. పెళ్లికూతురు ఎగరడమేంటని ఒక తాత గొణిగాడు. ఆయన భార్యే వచ్చి ఆయన్ను లోపలికి లాగింది. కుప్పగా పెట్టిన స్టీలు బిందెలు బండ మీద జరగడం మొదలుపెట్టాయి. పెళ్లికొడుకు వాటిని పట్టుకోబోయి, వదిలేసి, తానూ ఎగిరాడు.

ఆమెను తీసుకుపోయే గార్ల బండి ఆగి ఎదురుచూసింది. పొద్దు గూకేదాకా ఆడించాను. నా లెక్క ప్రకారం డీజిల్ ఇంకా మిగలాలి, మిగిలింది. మిగలనిది ఆమె సమయమే. సామాను మళ్లీ బండికెక్కిస్తుంటే వెనక తలుపు దగ్గర ఐదు లీటర్ల డబ్బా ఒకటి కనబడింది, నిండా డీజిల్. మాది కాదు. కొడకండ్లలో చిక్కుకున్న డ్రైవర్లలో ఎవరో పెట్టి ఉంటారు. మా బావ అది చూసి, బాకీ ఎవరికి తీర్చాలో ఆలోచించమన్నాడు. ఇచ్చినదాన్ని నేను బాకీలో వేయను. దాన్ని తలుచుకోవడమే దాని లెక్క.

ఆ తరవాత డీజేకు మంచి కాలం నడిచింది. మానుకోట, గార్ల, భూపాలపల్లి, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయాం. భూపాలపల్లిలో పెళ్లి ఊరేగింపులు బొగ్గుబాయి షిఫ్టు చూసుకుని పెట్టేవారు. మొదటి షిఫ్టు దిగి, తల తడి ఆరకముందే వచ్చి ఎగిరేవారు. ఆ అన్న అక్కడ నాకు ఎన్నో పెళ్లిళ్లు ఇప్పించాడు. కొడకండ్ల తరవాత నేను మైకులో మళ్లీ ఎన్నడూ రేడియో తెలుగు మాట్లాడలేదు. జర జరుగుండ్రి అంటే జరిగారు. ఎగురుండ్రి అంటే ఎగిరారు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా బాక్సులు జనగామలోనే చిక్కుకుపోయాయి, ఎవరూ వదల్లేదు. మర్నాడు పొద్దున నాలుగు బాక్సులే వేసుకుని కొడకండ్ల పోయాం. అవ్వ చౌరస్తాలో గొడుగు కింద గాజులు పరుచుకుని ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తింది. మా బావ పడీపడీ నవ్వాడు. బాక్సులు దించి, తీగలు కలిపి, ఆమె వేగం యాదికి తెచ్చుకుని బీటు సిద్ధం చేశాను. ఆమె లేచి చుట్టూ చూసింది.

"ఆనాడు చేతులెత్తినోళ్లేరి?"

చెప్పగలిగినంత చెప్పాను. పంతులుకు బదిలీ అయింది. కాలేజీ పిల్లలు కొందరు పట్నంలో ఉన్నారు, కొందరు పెళ్లిళ్లయి పోయారు. డ్రైవర్లు ఏ ఊరివాళ్లో ఎవరికీ తెలియదు.

"మరి నా ఒక్కదానికి ఇడిస్తె ఎట్ల తీరుతది కొడుకా? అందరికి ఆపినవు. అందరున్ననాడు ఇడువు."

ఎంత చెప్పినా వినలేదు. మైకు ముట్టుకోలేదు. పోయేటప్పుడు నా భార్యకని ఒక డజను గాజులు కట్టి ఇచ్చింది, పైసలు పట్టలేదు. పన్నెండు, నా చేతి కణుపులు ఎన్నో అన్నే.

అందరూ కలిసే రోజు రాలేదు. తరవాత డీజేల మీద గీతలు పడ్డాయి, ఇంత శబ్దం దాటొద్దు, ఇంత సమయం దాటొద్దు, ఊరేగింపుల్లో అసలే వద్దు. అదీ న్యాయమే కావచ్చు, నా ఎడమ చెవి సాక్షి. బాక్సులు ఒక్కొక్కటి అమ్మాను. నేను బిగించిన ఎనిమిదింటిలో రెండింటిలో మా దుకాణం పక్కావిడ ఇప్పుడు బియ్యం పోసుకుంటోంది. లోపల ఖాళీ సరిగ్గా ఉందని మెచ్చుకుంది కూడా.

ఆ చెల్లెలికి ఇద్దరు పిల్లలు. మొన్న వాళ్ల అన్న ఫోను చేసి, పెద్దదానికి కణుపుల మీద లెక్క నేర్పమని నన్ను అడిగాడు. ఫోనులోనే చెప్పాను, బొటనవేలు ఎక్కడ మొదలుపెట్టాలో.

పెద్దవంగర వైపు పని పడితే నేను బస్సులో పోతాను. కొడకండ్లలో బస్సు ఆగుతుంది. అవ్వ ఇంకా అక్కడే కూర్చుంటుంది, గంప చిన్నదైంది, గాజులు తక్కువయ్యాయి. నన్ను కిటికీలో గుర్తుపడితే చేతులెత్తుతుంది. నేనూ లోపలినుంచి ఎత్తుతాను. పక్క సీట్లవాళ్లు ఇద్దరినీ చూస్తారు. నా బొటనవేలు కణుపుల మీద కదులుతుంది, ఎనిమిది దాకా వస్తుంది. అంతలో కండక్టరు రైట్ అంటాడు.

ఇవ్వవలసింది ఈనాటికీ అంతే ఉంది, పెరగలేదు, తరగలేదు. ఒక దెబ్బ.